ఆఖరి బంతి

ఆ శనివారం పొద్దున చంద్రిక వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. తొందరగా తెమిలి పోర్టు క్వార్టర్స్ దగ్గర బస్సెక్కాలి, గోపాలపట్నంలో దిగాలి, బావి వీధిలో ఇంటింటికీ వెళ్ళి ఒకే ఒక్క ప్రశ్న అడగాలి, జవాబులు రాసుకుని భోజనాలవేళకి ఇంటికొచ్చేయాలి. సోమవారం ఆ కాయితాలు దయామణి మేడమ్ బల్ల మీద పెట్టేస్తే ఫైనలియర్ ప్రాజెక్టు అయిపోయినట్టే. ఈ పథకంలో కోపానికి ఎక్కడా చోటు లేదు. కానీ చంద్రిక కోపం చోటు చూసుకుని వచ్చే రకం కాదు.

మొదటి విడత ఇడ్లీల దగ్గరే వచ్చింది.

"ఇంతకీ ఏవిటమ్మా ఆ ప్రశ్న?" అన్నారు తండ్రి భీమశంకరరావు, పేపరు దించకుండానే.

"ఇంట్లో అందరికన్నా ఆఖర్న ఎవరు తింటారు అని."

పేపరు దిగింది. "అదడగడానికి గోపాలపట్నం దాకా వెళ్ళాలా? దానికి డిగ్రీ కూడా ఇస్తారా?"

"సోషియాలజీ అంటే అదే నాన్నా. మనుషులు ఎలా బతుకుతున్నారో చూడటం."

"సోషలు టెన్త్‌తోనే అయిపోయింది కదే! మళ్ళీ కాలేజీలో మూడేళ్ళు ఏం మిగిలుంటుంది?"

భీమశంకరరావు తణుకు వైపునుంచి వచ్చి పోర్టులో క్రేన్ల సెక్షన్లో స్థిరపడిన మనిషి. ఇంగ్లీషు బాగా వస్తుంది, క్రమశిక్షణ అబ్బుతుంది అని కూతుర్ని కొండ మీది మిషన్ కాలేజీలో చేర్చారు. బీకాంలో సీటు దొరక్క ఆ పిల్ల సోషియాలజీలో పడింది. పడినది లేచి వస్తుందనుకున్నారాయన. అది కాస్తా అందులోనే ఎమ్మే చేస్తానంటోంది. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. సెక్షన్లో ప్రతివాళ్ళ పిల్లలూ కంప్యూటర్ల వెంట పడ్డారు. ఎవరైనా "మీ అమ్మాయేం చదువుతోంది సార్?" అంటే ఆయన "డిగ్రీ" అని, వెంటనే వానల గురించి మాట్లాడేవారు.

"ఒక్కమాట విను. ఈ ప్రాజెక్టులో మార్కులు రాలేదా, ఎమ్మే మాట మర్చిపో. డాబాగార్డెన్స్‌లో కంప్యూటర్ కోర్సులో చేరుస్తాను."

చంద్రిక సగం ఇడ్లీ వదిలేసి లేచింది. లోపల తల్లి భ్రమరాంబ ఇంకో వాయి దించుతూ "తిని వెళ్ళవే!" అని కేకేసేలోపే గేటు దాటేసింది.

బావి వీధిలో బావి ఎప్పుడో పూడిపోయింది. దాని చోట మునిసిపాలిటీ కుళాయి ఉంది. కుళాయి దగ్గర బిందెలు కడుగుతున్న ఒకావిడ చంద్రికను, ఆమె చేతిలోని అట్టను, దానికి గుచ్చిన తెల్ల కాయితాలను ఎగాదిగా చూసింది. ఆవిడ పేరు పైడితల్లి. భర్త సూరన్న లారీ నడుపుతాడు.

"ఏ ఆఫీసు నుంచి పాపా?"

"ఆఫీసు కాదండీ, కాలేజీ. సోషియాలజీ."

"సోసలేటి?"

"అంటే... సొసైటీ గురించండీ."

"అలాగ సెప్పు మరి! సొసైటీ నుంచొచ్చినావన్నమాట!"

ఆ వీధిలో సొసైటీ అంటే ఒక్కటే. కిరసనాయిలు, పంచదార ఇచ్చే సొసైటీ. పైగా ఆ రోజుల్లో పేదవాళ్ళకి గ్యాస్ పొయ్యిలు ఇస్తారట అన్న మాట ఊరంతా నలుగుతోంది. ఇవేవీ చంద్రిక బుర్రలోకి రాలేదు. ఆమె అట్ట సర్దుకుని, మేడమ్ నేర్పినట్టు మెత్తగా నవ్వి అడిగింది.

"మీ ఇంట్లో అందరికన్నా ఆఖర్న ఎవరు తింటారండీ?"

"ఇదేటి అడగడం? నానే. ఆయన తిన్నాక మాయత్త, మాయత్త తిన్నాక పిల్లలు. గిన్నెలో మిగిల్తే నాను."

"మిగలకపోతే?"

"గెంజుంటాది కదా" అంది పైడితల్లి, అది కూడా తెలియదా అన్నట్టు.

రెండో విడత కోపం వచ్చింది. ఈసారి తండ్రి మీద కాదు, మొత్తం మగజాతి మీద. కళ్ళు ఎర్రబడ్డాయి, పెన్ను కాయితాన్ని చింపేంత గట్టిగా నడిచింది. ఆ ఊపులో అనకూడని మాట అనేసింది.

"మీరేం బాధపడకండి. మీలాంటి వాళ్ళ కోసమే ఇదంతా. మీ పేరు రాసేసుకున్నాను."

పేరు రాసేసుకున్నారు అన్న మాట చంద్రిక కన్నా ముందే వీధి చివరికి నడిచి వెళ్ళింది. రెండో ఇంట్లో అడగకముందే "ఆకర్న నానే తింతాను, రాసుకో" అన్నారు. మూడో ఇంట్లో అరుగు మీద కూర్చుని వక్క నములుతున్న ముసలావిడ, నోట్లోది మింగి మరీ "నాకసలు రెండ్రోజులకోసారే కూడు" అంది. నాలుగో ఇంట్లో కొత్త కోడలు ఒకతె ఉంది. ఒంటి మీది పసుపు ఇంకా పోలేదు. ఆ పిల్ల కూడా ఏడుపు గొంతుతో "నేనేనండీ" అంది. వెనకనుంచి అత్తగారు "నువ్వొచ్చి నిండా పదేన్రోజులు కాలేదు, నీకు ముందే ఎలాగ ఇత్తారే?" అని గదమాయించింది.

'ఏం ఇస్తారు?' అని చంద్రికకు అనుమానం వచ్చేలోపు పైడితల్లి అత్త మంగాయమ్మ ఆయాసపడుతూ వచ్చి అట్ట పట్టుకుంది.

"మా కోడలు పేరు కొట్టీయ్. ఆకర్న తినేది నాను. అది వండతన్నప్పుడే సగం తినేత్తాది."

"ఓలమ్మో! నానెప్పుడు తిన్నాను అత్తా?" పైడితల్లి బిందె దబ్బున దించింది. "ఉప్పు సూసేదాన్ని కూడా తినడమంతావేటి?"

"ఉప్పు సూడ్డానికి సేప ముక్కెందుకే?"

కుళాయి దగ్గర జనం చేరారు. ఇంతమంది ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడుతుంటే, ఆ వీధికి తనను తానే పెద్దగా నియమించుకున్న వరహాలు ఇంట్లో ఎలా కూర్చుంటాడు? ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. పక్కనే సూరన్న.

"మేడమ్, పొయ్యి ఎవుల పేరు మీద ఇత్తన్నారు?"

"ఏ పొయ్యి?"

"మాకాడ దాయకండి. అన్నీ తెలుసు. ఇంతకీ ఏ కాలేజీ అన్నారు?"

"మిషన్ కాలేజీ."

వరహాలు సూరన్న వైపు తిరిగాడు. "మిసనోల్లంట బావ! అయితే పొయ్యిలు ఫారినువే!"

జనంలో గుసగుస పుట్టింది. వరహాలు గొంతు సవరించుకున్నాడు. "ఇదిగో మేడమ్, గేసు బుక్కు ఎప్పుడైనా ఇంటి మగోడి పేరు మీదుండాల. అంచేత మా ఈదిలో ఆకర్న తినేది మగోల్లే. అలాగే రాసుకోండి."

"నిజమే తల్లీ" అన్నాడు సూరన్న, కళ్ళు దించుకుని. "అందరూ తిన్నాకగానీ నానెప్పుడూ కంచం ముట్టుకోను."

పైడితల్లి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "నువ్వా? వార్చకముందే గిన్నికాడ కూకుంతావు కదయ్యా!"

చంద్రికకు నెత్తురు తలకెక్కింది. ఇందాక గెంజి మాట విని కళ్ళు ఎర్రజేసుకున్నది ఆమె. ఇప్పుడు ఆ గెంజిని కూడా మగవాడు నాదే అంటున్నాడు.

"అబద్ధాలు! అన్నీ అబద్ధాలు!" అని అరిచింది. "సిగ్గులేదూ? ఒక్కళ్ళ మాట కూడా నేను నమ్మను. భోజనాల టైముకి వచ్చి నా కళ్ళతో నేనే చూస్తాను. అప్పుడు తేలుతుంది ఎవరు ఆఖర్న తింటున్నారో!"

కోపంలో అన్న మాట కోపంలాగే వినిపించాలి కదా. కానీ అక్కడ ఎవరికీ అది కోపంలా వినపడలేదు. ప్రభుత్వంలా వినపడింది.

"సెకింగన్నమాట" అన్నాడు వరహాలు, చాలా గౌరవంగా. అంతే గౌరవంగా ఆమె చేతిలోంచి అట్ట తీసుకున్నాడు. "ఈ కాయితాలు నాకాడుంచండి. మగోల్ల పేర్లు సరిసేసి ఉంచుతాను. రేపు ఆదోరం, అందరూ ఇళ్ళకాడే ఉంతారు. మద్దినేల రండి."

"అవి నా ప్రాజెక్టు కాయితాలు! ఇలా ఇవ్వండి!"

"రేపు మేడమ్, రేపు."

ఇంటికొచ్చి జరిగింది చెప్పేసరికి భీమశంకరరావుకు ముక్కుపుటాలు అదిరాయి. చంద్రిక కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే ఆ క్షణంలో ఆయన మొహం చూస్తే చాలు. "ఇందుకే చెప్పాను, వినలేదు" అని కూతుర్ని కాసేపు తిట్టారు. తర్వాత "నా కూతురి కాయితాలు లాక్కుంటాడా వాడు?" అని వరహాల్ని చాలాసేపు తిట్టారు. మర్నాడు స్కూటరు తీసి వెనక కూర్చోమన్నారు.

ఆయన చేసిన పొరపాటల్లా ఒకటే. తాను ఎంతటివాడో వాళ్ళకి తెలియాలని ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కున్నారు, జేబుకి పోర్టు గేటు పాసు తగిలించుకున్నారు. స్కూటరు బావి వీధిలోకి తిరగ్గానే వరహాలు ఎదురొచ్చి చేతులు జోడించాడు.

"పెద్దాఫీసరుగారే వచ్చినారు!"

ఆ వీధి ఆ మధ్యాహ్నం ఎలా ఉందో చూసిన వాళ్ళు మళ్ళీ మర్చిపోరు. ప్రతి ఇంటి అరుగు మీదా మగవాళ్ళు చేతులు కడుక్కుని, కాళ్ళు ముడుచుకుని, బడిపిల్లల్లా కూర్చున్నారు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఆడవాళ్ళు పీటలు వేసుకుని తింటున్నారు. ఆదివారం కనుక ఇంటింటా చేపల పులుసు. సూరన్న తెచ్చిన కోనం చేప వాసన వీధి మొదట్లోకే వచ్చింది.

"కాయితాలివ్వవయ్యా!" అన్నారు భీమశంకరరావు, హెల్మెట్ తీయకుండానే.

"ఇత్తాను సార్. సెకింగవనీండి. మద్దెలో ఇత్తే రూలు కాదు కదా."

జీవితమంతా రూలు పట్టుకుని బతికిన మనిషి, ఆ ఒక్క మాట వినగానే హెల్మెట్ తీసేశారు. ఎవరో కుర్చీ వేశారు. కూర్చున్నారు. సరిగ్గా పైడితల్లి వాకిట్లో.

లోపల పైడితల్లి రెండోసారి అన్నం పెట్టుకుంది. ముల్లు తీసి, పులుసు కలుపుకుని, ముద్ద ముద్దకీ ఆగి తింటోంది. పక్కన మంగాయమ్మ తలకాయ ముక్క జుర్రుతోంది. ఆ చప్పుడు బయటికి వినపడుతోంది.

"బేగి తినీవే" అన్నాడు సూరన్న గుమ్మంలోంచి, గొంతు తగ్గించి.

"ఎలాగ బేగి తినడం? ముల్లున్నాది. ఆఫీసరుగారు సూత్తన్నారు, నెమ్మదిగా తినాల."

"నడుం ముక్కలు రెండు తీసేవు కదా!"

"మూడు" అంది మంగాయమ్మ లోపలినుంచి. నిన్న కుళాయి దగ్గర జుట్లు పట్టుకోబోయిన అత్తాకోడళ్ళు ఈ రోజు ఒకే గిన్నెకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు.

సూరన్న గుటక మింగాడు. భీమశంకరరావు కూడా మింగారు. ఆయన ఇంట్లో పన్నెండున్నరకి కంచం ముందుండాలి. అది దాటి చాలాసేపైంది. గోదావరి వాడికి కళ్ళెదుట పులుసు తరిగిపోతుంటే ఎంత కష్టమో ఆయన మొహం చెబుతోంది.

"ఎల్లిపోకండి సార్, బోంచేసే ఎల్లాల" అన్నాడు వరహాలు. "మాతోపాటే. ఆకర్న."

చంద్రిక ఇదంతా చూస్తూ నిలబడింది. నిన్న అబద్ధమాడారని కోపం. ఇవాళ ఆ అబద్ధం కళ్ళెదుట నిజంగా జరుగుతోంది, అందుకని ఇంకా కోపం. రేపు మేడమ్ ముందు ఏం పెట్టాలి? ఆమెలో ఏదో తెగింది. వీధి మధ్యకి వెళ్ళి గొంతెత్తింది.

"అందరూ వినండి! పొయ్యి లేదు! గ్యాసూ లేదు! నేను ఏ సొసైటీ నుంచీ రాలేదు. ఇది నా చదువు. ఉత్త చదువు! ఈయన ఆఫీసరు కాదు, మా నాన్న!"

"అవునయ్యా" అన్నారు భీమశంకరరావు కుర్చీలోంచి లేచి. "నేను పోర్టులో క్రేన్ల సెక్షను."

అరుగుల మీద కలకలం రేగింది. ముందుగా లేచింది సూరన్న. "పొయ్యి నేదా? అయితే నానిలాగ కూకోడమెందుకు?" అంటూ ఒక కాలు గుమ్మం లోపల పెట్టాడు.

"ఆ కాలు ఎనక్కి తియ్యి" అంది మంగాయమ్మ. చెయ్యి కూడా కడుక్కోకుండా బయటికి వచ్చింది. "ఎర్రిబాగులోల్లారా! సెకింగోల్లు ఉందని సెప్తారేటి? నేదనే సెప్తారు. నేదంతే ఏం సేత్తారో సూడ్డానికే సెప్తారు. కాలు పెట్టినోడి పేరు ఇప్పుడే కొట్టేత్తారు."

సూరన్న కాలు వెనక్కి వచ్చింది. వరహాలు భీమశంకరరావుని మరోసారి తేరిపార చూసి, పక్కవాడి చెవిలో అన్నాడు. "కూతురంత, నాన్నంత! మారువేసంలో వచ్చినార్రా."

ఆ తర్వాత చంద్రిక ఎంత అరిస్తే వాళ్ళకి అంత నమ్మకం పెరిగింది. ఆఖరికి గొంతు బొంగురుపోయి ఊరుకుంది. ఆడవాళ్ళు తీరిగ్గా తిని, తీరిగ్గా లేచి, మగవాళ్ళకి వడ్డించారు. భీమశంకరరావు విస్తట్లో పులుసు, వంకాయ ముక్క, ఒక తోక పడ్డాయి. ఆయన విస్తరిని చూశారు, వడ్డించిన పైడితల్లిని చూశారు.

"ముక్కల్లేవా అమ్మా?"

"ఆకర్న కదా బాబూ" అందామె. "ఇంతే ఉంటాది."

ఆయన తలొంచుకుని తిన్నారు. వరహాలు కాయితాలు తిరిగిచ్చాడు. ఆడవాళ్ళ పేర్లన్నీ కొట్టేసి, ఆకుపచ్చ సిరాతో మగవాళ్ళ పేర్లు ముత్యాల్లా రాసి ఉన్నాయి.

స్కూటరు దాకా సాగనంపడానికి పైడితల్లి వచ్చింది. భీమశంకరరావు కిక్కు కొడుతూ ఇంజనుతో పోట్లాడుతుండగా, చంద్రిక భుజం పట్టుకుని పక్కకి లాగింది.

"పొయ్యి నేదని నాకు తెలుసు పాపా. నిన్ననే తెలుసు. పొయ్యిలిచ్చేవోల్లకి నీయంత కోపం రాదు."

చంద్రిక నోరు తెరిచింది.

"మాయత్తక్కూడా తెలుసు. రాతిరి ఇద్దరం అనుకున్నాం. నాకు పెళ్ళయి పదారేళ్ళు. నడుం ముక్క తినడం ఇదే మొదలు." ఆమె ఒకసారి వీధి వైపు చూసి గొంతు తగ్గించింది. "నువ్వు మంచిదానివి. మల్లీ రాకు. వత్తే నిజం సెప్పేత్తావు."

సోమవారం దయామణి మేడమ్ ఆ కాయితాలు చూసి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఇరవయ్యేళ్ళుగా, క్లాసు మొదట్లో ప్రార్థన చేయించి ఆ వెంటనే ఆవిడ చెబుతున్న పాఠం ఒకటే. కుటుంబంలో స్త్రీ ఆఖర్న తింటుంది.

"వీధి మొత్తం మగవాళ్ళు ఆఖర్న తింటున్నారా? గోపాలపట్నంలో? ఇంట్లో కూర్చుని రాసేశావు కదూ?"

"కళ్ళతో చూసి రాశాను మేడమ్."

"నేను నమ్మను. కాలేజీ పేరు పెట్టుకుని ఇలాంటి తప్పుడు పని చేస్తావా? సున్నా మార్కులు వేస్తాను."

ఎండలో తిరిగింది తను, గొంతు పోగొట్టుకున్నది తను, ఇప్పుడు దొంగ కూడా తనేనా? డాబాగార్డెన్స్ కంప్యూటర్లు కళ్ళముందు మెదిలాయి. "అయితే మీరే వెళ్ళి చూసుకోండి!" అని బల్ల మీద చెయ్యి చరిచింది. ఆ కాలేజీలో అంతవరకూ మేడమ్ బల్ల మీద చరిచిన చెయ్యి లేదు. చాపెల్ గంట కొట్టకపోయుంటే ఏమయ్యేదో.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ఆరాధన ముగించుకుని, తెల్ల చీరలో, గొడుగు వేసుకుని మేడమ్ స్వయంగా బావి వీధికి వెళ్ళారు. మిషన్ నుంచి ఏకంగా దొరసానమ్మే దిగిందని వీధి హడలిపోయింది. చెకింగు మళ్ళీ వస్తుందేమోనని మగవాళ్ళు చాలామంది అరుగుల మీదే ఉన్నారు. కంచాల ముందు కూర్చున్న ఒకరిద్దరు కూడా లేచి, కంచాలు పెళ్ళాల ముందుకు తోసి, బయటికి వచ్చి కూర్చున్నారట. మేడమ్ ప్రతి గుమ్మంలోకీ తొంగి చూశారు. సాయంత్రం తిరిగి వస్తుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయట.

మర్నాడు చంద్రికను పిలిచి చెయ్యి పట్టుకున్నారు. "నన్ను క్షమించు. ఇలాంటి వీధి ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. కారణం ఏమై ఉంటుందంటావు?"

చంద్రిక నోటిదాకా వచ్చింది. సొసైటీ, పొయ్యి, చెకింగు, మారువేషం, అన్నీ వరసగా నాలుక మీద నిలబడ్డాయి. చెప్పకపోతే అబద్ధం. చెబితే, మేడమ్ ఊరుకునే మనిషి కాదు. నిజం నిర్ధారించుకోవడానికి మళ్ళీ వెళ్తారు, వరహాల్ని కూర్చోబెట్టి అడుగుతారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చంద్రిక తన నోటిని తనే మూసుకుంది.

"తెలీదు మేడమ్."

"నేను ఆలోచిస్తాను" అన్నారు మేడమ్, వెలిగిపోతున్న మొహంతో.

ప్రాజెక్టుకి కాలేజీ మొత్తం మీద మొదటి మార్కు వచ్చింది. భీమశంకరరావు కంప్యూటర్ల మాట మళ్ళీ ఎత్తలేదు. బావి వీధిలో తిన్న చేప తోక మాట కూడా ఎత్తలేదు. వేసవి రాకముందే ఊళ్ళో పెద్ద సెమినార్ జరిగింది. ఎక్కడెక్కడి ప్రొఫెసర్లో వచ్చారు. భోజనాల దగ్గర మగవాడు వెనక్కి తగ్గడం అనే కొత్త పరిణామం మీద దయామణి మేడమ్ పత్రం చదివారు. హాలు మారుమోగేలా చప్పట్లు కొట్టారు. ముందు వరసలోని పెద్దలందరూ లేచి నిలబడి మరీ కొట్టారు. ఆ మధ్యాహ్నం మంచినీళ్ళు అందించే పని చంద్రికకు పడింది. జగ్గు పట్టుకుని పళ్ళు కొరుకుతూ నిలబడింది.

భోజనాల హాలు చిన్నది కావడంతో బంతులు వేశారు. ఊరికి దూరంగా వెళ్ళాల్సిన ప్రొఫెసర్లని మొదట కూర్చోబెట్టారు, ఊళ్ళోవాళ్ళయినా వయసులో పెద్దవాళ్ళని తర్వాత కూర్చోబెట్టారు. పత్రం చదివిన దయామణి మేడమ్‌కి మూడో బంతిలో, మిగతా ఆడవాళ్ళతోపాటు, పెరుగన్నం దొరికింది.